శాస్త్రవ్యాసములందు ఆధారసూచనలు



నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందఱు "ఇది కళాశాలల గొడవ, మనకేల?" యని అనుకొనవచ్చును. నిరుడు నేనును అట్లే యనుకొంటిని. నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి తీసికొనినవాడను. నా మనుమడు మన పడమటి తాలూకాల చెఱువులను గూర్చి, ఏ చెఱువున ఎంత పూడిక చేరినది, నల్లరేగడిలో నీరెంత యింకును అను విషయములను గూర్చి, రెండేండ్లు శ్రమించి యొక వ్యాసము వ్రాసి ఒక శాస్త్రపత్రికకు పంపెను. నెల తిరుగకుండ అది వెనుకకు వచ్చినది. కొలతలు తప్పని గాని లెక్కలు తప్పని గాని వారు వ్రాయలేదు. "మీ ఆధారసూచనలు ఏకరీతిగా లేవు, సరిదిద్ది పంపుడు" అని మాత్రము వ్రాసిరి. పిల్లవాడు మిక్కిలి చిన్నబోయెను. "తాతా, ఒకచోట కామా పడకపోయినంత మాత్రమున రెండేండ్ల పని యాపుదురా?" యనెను. నాకును కోపమే వచ్చినది. అయినను దిద్దవలసిన కాగితము చేతికి దొరకిన పిదప విడిచిపెట్టుటకు బడిపంతులునకు మనసొప్పదు గదా. కండ్లద్దములు పెట్టుకొని కూర్చుంటిని.

ఆధారసూచన యనగా నేమి? మీరందఱు ఎఱిగినదే, పేరు మాత్రము క్రొత్త. ఒక పొలమును గూర్చి తగవు వచ్చినది. "మా తాత కొన్నాడు" అని యొకడనును. సభలోని పెద్ద యేమనును? "దస్తావేజు ఏది?" యనును. దస్తావేజు పోయినదనిన, రిజిస్ట్రారు కచేరికి పోయి నకలు తెచ్చుకొమ్మనును. ఆ కచేరిలో మీ తాత పేరు చెప్పిన చాలదు. ఏ సంవత్సరము, ఎన్నవ నంబరు, ఏ పుస్తకము, ఎన్నవ సంపుటము, ఏ పుట మొదలు ఏ పుట వఱకు అను నైదు గుఱుతులు కావలెను. అవి సరిగా నున్నచో మిమ్ము ఎన్నడును చూడని గుమాస్తా కూడ తిన్నగా ఆ పుటను తెఱచి చూపును. ఒక్క అంకె తప్పిన యెడల పరుల పొలము కాగితము చేతికి వచ్చును. శాస్త్రవ్యాసమునకు చివర వ్రాయు ఆధారములును సరిగా ఇవియే. వ్రాసినవాని పేరు, సంవత్సరము, వ్యాసము పేరు, పత్రిక పేరు, సంపుటము, పుటలు. "ఈ మాట నేను కల్పించినది కాదు, ఫలానివాడు ఫలానిచోట కొలిచి చెప్పినాడు, నమ్మనిచో పోయి చూచుకొనుడు" అని చదువరికి దారి చూపుటయే దాని పని.

మా మనుమని వ్యాసమున నలువది పైచిలుకు ఆధారములు గలవు. ఒకదానియందు సంవత్సరము పేరు ప్రక్కన, వేఱొకదానియందు చివర. ఒకచోట పత్రిక పేరు పూర్తిగా, ఒకచోట రెండక్షరములుగా. ఒకచోట సంపుటసంఖ్య మన అంకెలలో, మఱొకచోట రోమను అంకెలలో. ఇవి చూచి నవ్వుకొంటిని గాని, నడుమ నొక సూచనకడ నా నవ్వు నిలిచిపోయినది. "మ్యాకదోని శాసనము, బళ్లారి జిల్లా, ఎపి. ఇండి., XVI, 153" అని యుండెను.

మ్యాకదోని మన ఆదోని ప్రాంతములోనిది. మ్యాకదోనికిని చిన్నకడబూరునకును నడుమ "జంగ్లీ గుండు" అని జనులు పిలుచు పెద్ద బండ యొకటి కలదు. ఆ బండకు తూర్పువైపున ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో శాతవాహనరాజు సిరి పులుమావి యొక్క ఎనిమిదవ రాజ్యసంవత్సరమున చెక్కించిన శాసనమున్నది. ఆ పులుమావి యెవడను విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. ఎవడైనను, ఆ వ్రాత పదునేడు వందల యేండ్లకు పైబడినదే. అందు రాజు దండయాత్ర లేదు, బ్రాహ్మణులకు అగ్రహారదానము లేదు. మహాసేనాపతి ఖందనాగుని జనపదమైన సాతవాహనిహారమున, గుమిక కుమారదత్తుని గ్రామమైన వేపురకమందు నివసించు సంబుడను గృహస్థు ఒక చెఱువు త్రవ్వించెనని యున్నది. అంతే. మన సీమలో పేరు మిగిలిన అతిప్రాచీనులైన గ్రామస్థులలో ఒకడు చెఱువు త్రవ్వించినవాడు! చెఱువులను గూర్చి వ్యాసము వ్రాయు పిల్లవాడు ఆ మాటతో మొదలుపెట్టుట నాకెంతయో ముచ్చట గొలిపినది.

అయితే ఆ పుటను వాడు చూచెనా యని సందేహము కలిగి, తీసి చూపుమంటిని. ఇప్పుడీ పాత పుస్తకములన్నియు ఫోనులోనే కనబడుచున్నవి. మా కాలమున చెన్నపట్టణము పోవలసియుండెను. వాడు "ఎపిగ్రాఫియా ఇండికా" పదునాఱవ సంపుటమున 153వ పుట తెఱచెను. అచ్చట మ్యాకదోని మాటయే లేదు. వాని ముఖము పాలిపోయెను. "నేను ఈ సూచనను ఒక గ్రంథమునుండి ఎత్తి వ్రాసితిని, తాతా" అని ఒప్పుకొనెను. కొంతసేపు వెదకిన పిదప దొరకినది: అది పదునాలుగవ సంపుటము, 153 మొదలు 155 వఱకు గల పుటలు. రోమను అంకెలలో పదునాలుగు XIV, పదునాఱు XVI. రెండక్షరములు తారుమారైన రెండు సంపుటములు దాటిపోయితిమి. అంకెలు వేసి 14 అని వ్రాసియుండినచో ఆ పొరపాటునకు సందు తగ్గియుండెడిది. ఈ కారణముచేతనే నేడు పెక్కు శాస్త్రపత్రికలు రోమను అంకెలను విడిచి సాధారణాంకెలనే కోరుచున్నవి.

ఆ శాసనమును ప్రకటించిన విద్వాంసుడు విష్ణు సీతారామ సుక్‌తణ్కరుగారు. వీరే తరువాత, 1925 మొదలుకొని, పూనాలోని భండార్కర్ పరిశోధనాలయమున మహాభారతసంశోధిత ముద్రణమునకు ప్రధానసంపాదకులై 1943లో గతించిరి. ఈ సందర్భమున ఆ ముద్రణమును తలచుట ఉచితమే. దేశమందలి తాళపత్రములను సేకరించి, ఒక్కొక్క ప్రతికి ఒక అక్షరము గుఱుతుగా బెట్టి, ఏ శ్లోకమున ఏ ప్రతి యెట్లు చదువుచున్నదో పుట అడుగున చూపిరి. తెలుగు లిపి ప్రతులకు ఇంగ్లీషు "టి" అక్షరము, గ్రంథలిపి ప్రతులకు "జి". ఆ గుఱుతులు ఒక పర్వమున ఒకరీతిని, మఱొక పర్వమున వేఱొకరీతిని ఉండినచో ఆ యపారశ్రమ యంతయు బూడిదలో పోసిన పన్నీరు కాదా? మన యిండ్లలో ఆంధ్రభారతము చదువువారికి కూడ ఈ చిక్కు తెలియును. "శాంతిపర్వమున ఉన్నది" అనినవానిని ఎవరు నమ్ముదురు? పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య చెప్పవలెను; పైగా ఏ ముద్రణమో చెప్పవలెను, ఏలయన ముద్రణమునకు ముద్రణమునకు పద్యసంఖ్యలు ఒకటి రెండు మారుచుండును.

ఇక ఆ సూచనలో రెండవ చిక్కు, "బళ్లారి జిల్లా" అను మాట. సుక్‌తణ్కరుగారు వ్రాసిన నాటికి అది సత్యమే. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు బళ్లారి జిల్లాలో నుండెను. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన నాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారినుండి వచ్చినవి. అందు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరినవి. 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లా వేఱుపడినను మనము కర్నూలులోనే నిలిచితిమి. కాని 1882–84లో సీవెలు దొర ప్రకటించిన పురాతనావశేషముల పట్టికలలోను, 1919లో వి. రంగాచార్యులుగారు మూడు సంపుటములుగా కూర్చిన చెన్నరాజధాని శాసనముల పట్టికలోను మన ఊళ్లన్నియు బళ్లారి క్రిందనే యుండును. కర్నూలు శీర్షిక క్రింద వెదకువాడు వట్టి చేతులతో తిరిగివచ్చును. కావున పాత ఆధారమును ఇచ్చునపుడు ఆ పుస్తకమున నున్న జిల్లా పేరును చెఱుపరాదు. నేటి పేరును ప్రక్కన చేర్చవలెను. ఇరువురు వ్రాసిన ఇరువది వ్యాసములలో పదింట బళ్లారి, పదింట కర్నూలు అని యున్నచో, ఎఱుగని పరదేశి మ్యాకదోనిలు రెండు కలవనుకొనును.

అట్లనుకొనుట వింతయు కాదు. ఎమ్మిగనూరు సంగతి చూడుడు. మన ఎమ్మిగనూరు కాక బళ్లారి జిల్లాలో మఱొక ఎమ్మిగనూరు కలదు. పైగా మన దానిని ఇంగ్లీషులో కొందఱు "వై" అక్షరముతోను, కొందఱు "ఇ" అక్షరముతోను వ్రాయుదురు. అక్షరక్రమపు పట్టికలో ఈ రెండింటికి నడుమ నూఱు పేర్లుండవచ్చును. పత్తికొండ వైపున 1929లో అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొనిన అశోకుని శాసనములకును ఇదే గతి పట్టినది: ఎఱ్ఱగుడి యని ఒకరు, యఱ్ఱగుడి యని ఒకరు, సమీపగ్రామమును బట్టి జొన్నగిరి యని ఇంకొకరు. ఆదోని సరేసరి, ఆదవాని, అద్వాని, తురుష్కుల కాలమున ఇమ్తియాజ్‌గఢ్. ఏ రూపము మేలైనదను తగవు వేఱు. ఒక వ్యాసములో ఒక రూపమే యుండవలెననుట మాత్రము తగవులేని మాట.

శాసనములకు ప్రభుత్వశాఖవారు వేయు సంఖ్యల విషయమున ఇంకొక మెలకువ కావలెను. వారు ఏటేట నకలు తీసిన శాసనములకు వరుసగా సంఖ్య లిచ్చుచుందురు. క్రొత్త సంవత్సరము రాగానే సంఖ్య మరల ఒకటినుండి మొదలగును. సంవత్సరము విడిచి "45వ శాసనము" అని వ్రాసినచో, ఏ ఏటి నలువదియైదు? రిజిస్ట్రారు కచేరిలో సంవత్సరము లేని దస్తావేజు నంబరువలె అది నిష్ప్రయోజనము. సంవత్సరమునందును మోసమున్నది. మన మ్యాకదోని శాసనమున్న పదునాలుగవ సంపుటము 1917–18 సంవత్సరములది. ఒకడు 1917 అని, మఱొకడు 1918 అని వ్రాసిన, చదువరి రెండు వ్యాసములున్నవని భ్రమపడును. రెండేండ్లును వ్రాయుటయే క్షేమము.

మనుష్యుల పేర్లకు వత్తును. ఇచ్చట మన తెలుగువారికి ప్రత్యేకమైన కష్టము కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న హడగలిలో జన్మించిరి. అది నాడు బళ్లారి జిల్లా, అనగా మన ఆదోని యుండిన జిల్లాయే. గణాంకశాస్త్రమున వీరు 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో, 37వ సంపుటమున, 81 మొదలు 91 వఱకు గల పుటలలో ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధము. 2023లో ఆ శాస్త్రమున అంతర్జాతీయ బహుమానమును పొంది, ఆ యేటి ఆగస్టులోనే నూట రెండేండ్ల వయసున అమెరికాలో స్వర్గస్థులైరి. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. పాశ్చాత్యులకు చివరిదే ఇంటిపేరు. కావున లోకమంతయు వారిని "రావు, సి. ఆర్." అని పట్టికలో చేర్చినది. "రావు" ఇంటిపేరా? మన ఊరి రచ్చకట్టకడ నిలిచి "రావుగారూ" అని పిలిచిన నలుగురు తిరిగి చూతురు! కల్యంపూడివారి వంశనామము ఒక్క "సి" అను పొడి అక్షరమై మిగిలినది. ఇది న్యాయమా యని నాకును లోపల బాధయే. అయినను నా మనుమనికి ఇట్లే చెప్పితిని: "లోకము ఎనుబది యేండ్లుగా 'రావు, సి. ఆర్.' అనియే వెదకుచున్నది. నీవు భక్తికొద్ది 'కల్యంపూడి' యని మార్చినచో ఆ మహనీయుని వ్యాసము దొరకదు. గ్రంథకర్త తన వ్యాసమున ఎట్లు అచ్చు వేసికొనెనో, పట్టికలు ఎట్లు గ్రహించినవో, అట్లే వ్రాయుము. నీ సొంత పేరును మాత్రము మొదటి వ్యాసమున ఎట్లు వ్రాయుదువో జాగ్రత్తగా నిశ్చయించుకొని, జీవితాంతము అట్లే వ్రాయుము."

ఒకే పేరుగలవారు పెక్కుమంది యుండుటచేత 2012 మొదలు ఒక్కొక్క గ్రంథకర్తకు పదునాఱంకెల గుఱుతునిచ్చు ఏర్పాటొకటి లోకమందు నడచుచున్నది. దానికి ఆర్కిడ్ అని పేరు. వ్యాసములకును అట్టి సంఖ్య కలదు, దానిని డి.ఓ.ఐ. అందురు; 2000 మొదలు వాడుకలోనికి వచ్చినది. పత్రిక చేతులు మాఱినను, కంప్యూటరులోని స్థానము మాఱినను ఆ సంఖ్య మాఱదు. పొలము ఎవరి చేతికి పోయినను సర్వే నంబరు నిలిచియున్నట్లే యని నేను అర్థము చేసికొంటిని.

వ్రాయు పద్ధతులు ఒకటి కావు. ఒక పద్ధతిలో వాక్యము నడుమనే గ్రంథకర్త పేరును సంవత్సరమును కుండలీకరణమున వ్రాసి, చివర అక్షరక్రమమున పట్టిక నిత్తురు. దీనిని హార్వర్డు పద్ధతి యందురు. 1881లో ఆ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు మార్క్ ఒక జాతి గుల్లలేని నత్తను గూర్చి వ్రాసిన వ్యాసమున దీని నారంభించెనని చెప్పుదురు. నత్తనుండి పుట్టిన పద్ధతి పరుగెత్తి లోకమంతట వ్యాపించినది! రెండవది అంకెల పద్ధతి: ఆధారమునకు వరుససంఖ్య వేసి, చివర ఆ వరుసనే వివరము లిత్తురు. కెనడా దేశమున వాంకూవరు నగరమున 1978లో వైద్యపత్రికల సంపాదకులు కొందఱు సమావేశమై, "ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క రీతి కోరుటచే వైద్యులు వ్యాసమును మరల మరల తిరుగ వ్రాయవలసివచ్చుచున్నది" అని ఆలోచించి, అందఱికి సమ్మతమైన నియమములు చేసికొనిరి. దానిచే ఈ రెండవ రీతికి వాంకూవరు పద్ధతి యని పేరు వచ్చినది. ఏది మంచిది? నన్నడిగిన, చదువువానికి మొదటిది అనుకూలము, అచ్చువేయువానికి రెండవది. పత్రిక ఏది కోరిన అదియే వ్రాయవలెను. రెండును కలిపి వ్రాయుట మాత్రము, ఎమ్మిగనూరు మగ్గముమీద ఒకే చీరకు సగము నలువది నంబరు నూలు, సగము అఱువది నంబరు నూలు వేసినట్లుండును. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతగాండ్ర సహకారసంఘపు కాలమునుండియు మన ఊరివారికి ఆ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతకును నా మనుమని మనసును తాకినది ఈ నియమములు కావు, ఆ పదునాఱవ సంపుటపు తప్పు. బడిలో ఇద్దఱు పిల్లలు ఒకే లెక్కను ఒప్పుగా చేసిన, ఎవడు ఎవని చూచి వ్రాసెనో చెప్పలేము. ఇద్దఱును ఒకే చిత్రమైన తప్పు చేసిన, ఎవడో చూచి వ్రాసెనని పంతులు వెంటనే పట్టును. 2003లో లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిమ్కిన్, రాయ్‌చౌధురి అను ఇరువురు సరిగా ఈ ఉపాయముతోనే విజ్ఞానుల నడవడిని పరీక్షించిరి. ఆధారసూచనలలోని అచ్చుతప్పులు ఎన్నిసార్లు అదే రూపమున మరల మరల వచ్చినవో లెక్కించి, మూలవ్యాసమును చదివి సూచించువారు నూటికి ఇరువదిమంది మాత్రమే యుందురని అంచనా వేసిరి. అంచనా యే యైనను, వినుటకు సిగ్గుగా నున్నది. నా మనుమడు ఆ లెక్క విని, నలువది పైచిలుకు ఆధారములను ఒక్కొక్కటి తెఱచి చూచుటకు కూర్చుండెను. పదునొకండు దినములు పట్టినది. ఆఱింట పుటసంఖ్యలు తప్పు. రెండింట సంవత్సరము తప్పు. ఒక వ్యాసమున, వాడు ఆధారముగా చూపిన మాటయే లేదు. ఉన్నది దానికి విరుద్ధము. అదియు ఎత్తివ్రాతయే. ఆ వాక్యమును వ్యాసమునుండి తీసివేసెను. దానితో పూడికను గూర్చిన వాని నిర్ణయమొకటి కూలిపోయినది. కొలతలను మరల చూచి వేఱుగ వ్రాయవలసివచ్చెను. కామాలు దిద్దుమని పంపిన సంపాదకుడు ఎఱిగి పంపెనో ఎఱుగక పంపెనో గాని, మేలు మాత్రము అటనే మొదలైనది.

తిరిగి పంపిన వ్యాసమును పత్రికవారు స్వీకరించిరి. మొదటి ఆధారసూచన ఇట్లున్నది: సుక్‌తణ్కర్, వి. ఎస్., ఎపిగ్రాఫియా ఇండికా, సంపుటము 14, 1917–18, పుటలు 153–155. ప్రక్కన "మ్యాకదోని, నాడు బళ్లారి జిల్లా, నేడు కర్నూలు జిల్లా". నడుమ వ్యాసము పేరు కూడ నున్నది గాని, ఆ ఇంగ్లీషు పేరును రేడియోలో చదివి మీకు విసుగు పుట్టింపను.

పదునాఱవ సంపుటమని వ్రాసిన గ్రంథకర్తకు నేనే ఒక కార్డు వ్రాసితిని. పెద్దమనిషి, వెంటనే ప్రత్యుత్తర మిచ్చెను. తప్పు తనది కాదనియు, ఫలాని పుస్తకమునుండి గ్రహించితిననియు వ్రాసి, ఆ పుస్తకపు పేరును తెలిపెను. ఆ పుస్తకమును తెప్పించి చూచితిని. అందు మ్యాకదోని శాసనమును గూర్చి రెండు పుటలున్నవి. సంబుని చెఱువును గూర్చి చక్కగానే వ్రాసిరి. అడుగున ఆధారసూచన మాత్రము లేదు.